కొత్త పాటల విడుదలకూ, కచేరీ యాత్రకూ మెయిల్ జాబితా ఎంతవరకు పనికొస్తుంది?

తంబురా_తీగ రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మాది గాత్రం, వయొలిన్, కీబోర్డు, గిటారు, మృదంగం కలిసిన ఐదుగురి బృందం. నేను వయొలిన్ వాయిస్తాను. మిగిలిన నలుగురికీ కంప్యూటరంటే చిరాకు కాబట్టి మెయిళ్ల పని కూడా నా నెత్తినే పడింది. రాబోయే రెండు నెలల్లో ఆరు పాటల ఆల్బమ్ విడుదల చేసి, ఆ వెంటనే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరులలో టికెట్ పెట్టి కచేరీలు చేయాలని అనుకుంటున్నాము. మూడేళ్లుగా కచేరీ ముగిశాక హాలు గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, ఇష్టమున్నవారి చేత మెయిల్ చిరునామాలు రాయించుకుంటున్నాము. అవి ఇప్పుడు 1,100 దాటాయి.

కిందటి నెల మొదటి పాట విడుదలైన రోజు రాత్రి వీరందరికీ ఒకేసారి మెయిల్ పంపాను. అందులో ఉన్నది పెద్ద పోస్టర్ బొమ్మ, దాని కింద ఏడు యాప్‌ల లింకులు, అంతే. చిరునామా తప్పని వందకు పైగా మెయిళ్లు తిరిగివచ్చాయి. మా గాయని చెల్లెలికే అది స్పామ్‌లో కనిపించింది. లింకు నొక్కినవారు 19 మంది. అందులో ముగ్గురం మేమే. యాత్రకు కూడా ఇదే పద్ధతి నమ్ముకోవాలా, లేక మెయిల్ మానేసి ఉన్న డబ్బును ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవమున్నవారు చెప్పగలరు.

జానపదం_జిందాబాద్ రాశారు:

మాది వరంగల్ వైపు జానపద బృందం. మా పాట వినేవారిలో మెయిల్ తెరిచేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారికి మెయిల్ అంటే ఫోను కొన్న రోజు దుకాణంలో కుర్రవాడు తెరిచిపెట్టిన ఖాతా. దాని పాస్‌వర్డు వారికే తెలియదు. మేము వాట్సాప్‌లో ఒక వీడియో ముక్క పెడితే సాయంత్రానికి మండలమంతా తిరిగి మా ఊరి గ్రూపులోకే మళ్లీ వస్తుంది. మెయిల్‌తో అది సాధ్యమవుతుందని నేను అనుకోను. మీరు కూడా వాట్సాప్ పట్టుకోవడమే మంచిదని నా సలహా.

శ్రోత_మాత్రమే రాశారు:

నాకు పాడటం రాదు, వినడం ఒక్కటే వచ్చు. కానీ టికెట్ కొనేది నాలాంటివాళ్లే కాబట్టి ఒక మాట చెబుతాను. నేను ఉన్న వాట్సాప్ గ్రూపులు ఇరవై పైనే. అన్నింటినీ మ్యూట్‌లో పెట్టుకున్నాను. కిందటి ఏడాది నేను తప్పకుండా వెళ్లవలసిన కచేరీ సంగతి శుభోదయం బొమ్మలకూ, అమ్ముడుపోని ప్లాట్ల ప్రకటనలకూ మధ్య ఇరుక్కుపోయి, కచేరీ అయిన మరునాడు నా కంటబడింది. మెయిల్ అలా కాదు. ఆఫీసులో చూసి, ఇంటికి వచ్చాక వెతికితే అక్కడే ఉంటుంది. అయితే పోస్టర్ మాత్రమే ఉన్న మెయిల్‌ను నేను చదవను. అది గోడపత్రిక. గోడపత్రికను ఎవరూ ఇంటి లోపల అతికించుకోరు కదా.

తపాలా_బంట్రోతు రాశారు:

తంబురా_తీగ గారూ, ముందుగా మీ మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు వెళ్లిందో చూద్దాం. ఒక్క ప్రశ్న: మీరు ఏ చిరునామా నుంచి పంపారు? బృందం పేరుతో తీసుకున్న జీమెయిల్ ఖాతానే బల్క్ మెయిల్ సేవలో (అంటే ఒకేసారి వందలమందికి మెయిళ్లు పంపిపెట్టే కంపెనీ దగ్గర) పంపినవారిగా పెట్టి ఉంటే, సగం జబ్బు అక్కడే ఉంది.

తంబురా_తీగ రాశారు:

అవునండి, సరిగ్గా అదే చేశాను. అందులో తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తపాలా_బంట్రోతు రాశారు:

ఉత్తరం మీద ‘పంపినవారు’ అన్నచోట జీమెయిల్ చిరునామా ఉంది, కానీ ఉత్తరం బయలుదేరింది జీమెయిల్ సర్వర్ల నుంచి కాదు, వేరొక కంపెనీ సర్వర్ల నుంచి. అందుకునేవారి సర్వర్ కంటికి ఇది పరాయి ఇంటి లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరంలా ఉంటుంది. మీ సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో మీ బృందానికే చెందిన పేరు) ఒకటి కొని, దాని పేరుతో చిరునామా పెట్టుకుని, డొమైన్ సెట్టింగులలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు నమోదులు చేయాలి. ఫలానా సర్వర్లకు మా తరఫున పంపే అధికారం ఉందని మొదటిది చెబుతుంది, ఉత్తరం మీద ఇతరులు నకలు చేయలేని ముద్ర వేసేది రెండవది, ఆ రెండూ సరిపోకపోతే ఏం చేయాలో చెప్పేది మూడవది. మీరు వాడే మెయిల్ సేవ వారే ఆ మూడు వాక్యాలూ ఇస్తారు, మీరు తీసుకుని అతికించడమే.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు ఈ విషయంలో పట్టు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లకు పైగా పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు కూడా ఉండాలి. మీవి 1,100 చిరునామాలే అయినా ఆ నియమాలన్నీ పాటించడమే మేలు. ఇంకొక లెక్క కూడా గుర్తుంచుకోండి: స్పామ్ అని ఫిర్యాదు చేసేవారి వాటా 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ చెబుతున్నది. అంటే మీ జాబితాలో నలుగురు విసిగి ఆ బొత్తాం నొక్కితే మీరు గీత దాటినట్లే. కాబట్టి తప్పుకునే లింకును మెయిల్ అడుగున చీమ తలకాయంత అక్షరాలలో దాచకండి. తలుపు కనిపించకపోతే మనిషి కిటికీ పగలగొడతాడు.

తిరిగివచ్చిన చిరునామాలలో ఎన్ని నోటుపుస్తకంలో తప్పుగా చదివినవో ఒకసారి చూడండి.

తంబురా_తీగ రాశారు:

ఇవాళ సెలవు కాబట్టి నోటుపుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను. మీ అనుమానం నిజమే. సున్నాను ‘ఓ’ అక్షరంగా చదివినవి పన్నెండు. డాట్ కామ్ అని రాసినదానిని నేనే డాట్ కాన్ అని కొట్టినవి తొమ్మిది. ఒక పుటలో ఎవరో పైన కాఫీ గ్లాసు పెట్టారు. ఆ గుండ్రటి మరకలో నాలుగు చిరునామాలు కొట్టుకుపోయాయి. మొత్తం మీద 38 చిరునామాలను సరిచేయగలిగాను, మిగిలినవి కొట్టివేశాను.

పాత_క్యాసెట్ రాశారు:

ఈ చర్చ చూస్తుంటే నాకు పోస్టుకార్డులు గుర్తుకొస్తున్నాయి. మా నాన్నగారు సభ్యులుగా ఉన్న సంగీత సభ వారు ప్రతి నెలా కచేరీల వివరాలు అచ్చువేసి పంపేవారు. ఆ కార్డు మా ఇంట్లో క్యాలెండరు పక్కన మేకుకు నెలంతా వేలాడేది. ఈనాటి మెయిల్ చేయవలసిన పని కూడా అదే.

ఇది మన ఊళ్లకే పరిమితమైన ముచ్చట కాదు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం 1971లో తన ఆల్బమ్ అట్ట మీద, మీరెవరు, ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు అని అడిగి, పేరూ చిరునామా రాసి పంపమని అభిమానులను కోరింది. తరువాతి రోజులలో ఆ బృందం యాత్రలకు బలమైన పునాది వేసినది ఆ చిరునామాల జాబితాయే. మెయిల్ కాలానికి వస్తే, బ్రిటన్‌కు చెందిన మారిలియన్ బృందానికి అమెరికా యాత్ర చేసే స్తోమత లేదని తెలిసి, 1997లో అక్కడి అభిమానులే ఇంటర్నెట్‌లో కూడబలుక్కుని 60,000 డాలర్లు పోగుచేశారు. దానితో కళ్లు తెరిచిన బృందం తన దగ్గరున్న చిరునామాలకు మెయిల్ పంపి, ఇంకా రికార్డు కూడా చేయని ఆల్బమ్‌ను ముందే డబ్బు కట్టి కొంటారా అని అడిగింది. 2001లో వెలువడిన ఆ ఆల్బమ్‌ను ముందుగానే కొన్నవారు 12,000 మందికి పైగా ఉన్నారు. ‘అందరూ వినండి’ అని అరిచి సాధించిన సంఖ్య కాదది. ‘మీరు కొంటారా’ అని పేరు పెట్టి అడిగి సాధించినది.

జానపదం_జిందాబాద్ రాశారు:

పెద్దవారు చెప్పినది బాగుంది, కానీ అది ఇంగ్లీషు దేశాల సంగతి. మా శ్రోతలు వేరు.

తపాలా_బంట్రోతు రాశారు:

జానపదం గారూ, మీ శ్రోతల విషయంలో మీరన్నదే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మీది ఊరంతా ఉచితంగా వచ్చే ఆట. వీరిది వారం ముందు టికెట్ కొని రావలసిన హాలు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటు, అందులోనూ మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే సందేశం అందుతుంది. గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. మహిళలు చాలామంది ఆ కారణంగానే తప్పుకుంటారు. ఇక స్పాటిఫైలో మీ పాటను పది వేల మంది విన్నా, వారిలో ఒక్కరి చిరునామా కూడా ఆ సంస్థ మీకు ఇవ్వదు. కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటులో అయితే పాట కొన్నవారి మెయిల్ చిరునామా కళాకారుడికి చేరుతుంది. సంగీతకారులు దానిని అంతగా ఇష్టపడటానికి అది కూడా ఒక కారణం.

గేటు_దగ్గర రాశారు:

నేను పదేళ్లుగా కచేరీలకు టికెట్లు అమ్మే పనిలో ఉన్నాను. నా మాట ఒక్కటే: చిరునామా పక్కన ఊరు లేకపోతే యాత్రకు ఆ జాబితా దండగ. విశాఖ కచేరీ గురించి బెంగళూరు వారికి నాలుగుసార్లు రాస్తే, బెంగళూరు కచేరీ వచ్చేనాటికి వారు మిమ్మల్ని స్పామ్‌లో పారేసి ఉంటారు.

కానీ ‘మీ ఊరు’ అని అడగకండి. నేను ఒకసారి అలా అడిగి తీసుకున్న జాబితాలో విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, ‘వైజాగ్ దగ్గర’, గాజువాక అని అయిదు రకాలుగా వచ్చింది. పిన్‌కోడ్ అడగండి. మొదటి మూడు అంకెలు చాలు. 500 అంటే హైదరాబాద్, 520 విజయవాడ, 530 విశాఖపట్నం. 522తో మొదలైతే గుంటూరు వైపు; వారు విజయవాడ కచేరీకి గంటలో వచ్చేస్తారు కాబట్టి వారిని విజయవాడ కట్టలో వేయవచ్చు. 533 అంటే గోదావరి తూర్పు ఒడ్డు వారు: రాజమహేంద్రవరం, కాకినాడ. వీరిని ఎటు వేయాలన్నది తేల్చేది కచేరీ ముగిసే వేళ. రాత్రి పదింటికి వదిలితే వారికి తిరుగు ప్రయాణం కష్టం, కాబట్టి శనివారం సాయంత్రం కచేరీ అయితేనే వారికి రాయండి. ఇవి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, బస్టాండు చెబుతుంది.

ఇక క్రమం. హాలు ఖాయమై, అడ్వాన్సు కట్టి, రసీదు చేతికి వచ్చేదాకా ఒక్క మెయిల్ కూడా పంపకండి. కచేరీకి నాలుగు వారాల ముందు ఆ ఊరివారికి మాత్రమే మొదటి మెయిల్ వెళ్లాలి, అందులో ప్రకటనకు రెండు రోజుల ముందే టికెట్ కొనుక్కునే కోడ్ ఉండాలి. ఊరికొక కోడ్ పెట్టండి. టికెట్ ఎవరు ఏ మెయిల్ చూసి కొన్నారో అప్పుడే తెలుస్తుంది. వారం ముందు రెండవది, కొననివారికి మాత్రమే. కొన్నవారికి మళ్లీ ‘త్వరపడండి’ అని రాయడం అన్నం తిని లేచినవాడికి మళ్లీ విస్తరి వేయడం. వారికి ముందురోజు వేరే మెయిల్ పంపండి: గేటు ఎన్నింటికి తెరుస్తారు, బండి ఎక్కడ పెట్టుకోవాలి, లోపల కాఫీ దొరుకుతుందా అన్నవి ఉంటే చాలు. నా అనుభవంలో అందరూ తెరిచే మెయిల్ అదే.

డాలస్_డోలు రాశారు:

అమెరికా నుంచి ఒక హెచ్చరిక. మూడేళ్ల కిందట మేము ఇక్కడ నాలుగు నగరాలలో ఒక గాయకుడి యాత్ర నిర్వహించాము. ఒక సంఘంవారు సహాయం చేస్తున్నామనుకుని తమ సభ్యుల చిరునామాలన్నీ ఒక ఎక్సెల్ ఫైలులో మా చేతిలో పెట్టారు. మేము కూడా సంబరపడి అందరికీ మెయిల్ పంపాము. రెండు గంటల్లో ఫిర్యాదులు వెల్లువెత్తి, మెయిల్ సేవ వారు మా ఖాతాను నిలిపివేశారు. అసలు మమ్మల్ని అడిగి చేరిన 600 మందికి కూడా యాత్ర సమాచారం అందలేదు. సంఘంలో చేరినంత మాత్రాన పాటల మెయిళ్లకు ఒప్పుకున్నట్లు కాదు. ఇక్కడ 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం ప్రతి ప్రచార మెయిల్‌లో పంపినవారి తపాలా చిరునామా ఉండాలి, తప్పించమని కోరినవారిని పది పనిదినాలలో తప్పించాలి. భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, దేనికోసం తీసుకుంటున్నామో చెప్పి, స్పష్టమైన సమ్మతి తీసుకోమంటుంది. మీ నోటుపుస్తకం పుట పైన ‘కొత్త పాటలు, కచేరీల కబుర్లు మెయిల్ చేయడానికి’ అని ఒక వాక్యం రాసి ఉంచండి.

మరొక విషయం, ఇక్కడివారు శనివారం కచేరీకి పిల్లల కూచిపూడి తరగతి, ఈత తరగతి చూసుకుని నెల ముందే నిర్ణయించుకుంటారు. రెండు వారాల ముందు మెయిల్ వస్తే, అయ్యో అనుకోవడం తప్ప చేయగలిగింది ఉండదు.

తంబురా_తీగ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. ఆల్బమ్ విడుదల మెయిల్ సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. శుక్రవారం విడుదల చేయమని అందరూ అంటున్నారు, కారణం ఏమిటి?

తపాలా_బంట్రోతు రాశారు:

2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతానికి శుక్రవారమే విడుదల రోజుగా స్థిరపడింది. అయితే అసలు పని ముందే ఉంటుంది. స్పాటిఫైలో పాట విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు మీ ఖాతా నుంచి దానిని వారి సంపాదకుల పరిశీలనకు సమర్పిస్తే, మిమ్మల్ని అనుసరించేవారి ‘రిలీజ్ రాడార్’ జాబితాలో అది చేరుతుంది. కాబట్టి ఆ పని ముగించాక, విడుదలకు వారం ముందు జాబితాలోని వారికి ఒక చిన్న మెయిల్ రాయండి. శుక్రవారం ఉదయం రెండవది పంపండి. ఏడు లింకులు వద్దు. అన్ని యాప్‌లనూ ఒకచోట చూపే ఒక్క పుటకు ఒక్క లింకు చాలు.

తెలుగులాంటి లిపులలో రాసేవారికి ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి, మిగిలినది చూడాలంటే నొక్కమంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే యూనికోడ్‌లో మన తెలుగు అక్షరానికి మూడు, గుణింతపు గుర్తుకు మళ్లీ మూడు, ఒత్తుకు ఆరు పడతాయి. దానికి తోడు వర్డ్ నుంచి తెచ్చి అతికిస్తే కంటికి కనిపించని చెత్త కోడ్ కూడా వెంట వస్తుంది. కత్తిరింపులో ముందు పోయేది అడుగున ఉన్న తప్పుకునే లింకే. అది కనిపించనివారు స్పామ్ బొత్తాం నొక్కుతారు. పొట్టిగా, సాదాగా రాయండి.

ఎంతమంది తెరిచారన్న అంకెను కూడా పెద్దగా నమ్మకండి. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యత ఏర్పాటు వల్ల, మనిషి చూడకపోయినా మెయిల్‌లోని బొమ్మలు ముందే దిగుమతి అయి తెరిచినట్లు నమోదవుతున్నాయి. లింకు నొక్కినవారినీ, జవాబు రాసినవారినీ లెక్కపెట్టుకోండి.

పాత_క్యాసెట్ రాశారు:

శుక్రవారం విడుదల సంగతి సరే గానీ, టికెట్ల అమ్మకం మాత్రం శుక్రవారం మొదలుపెట్టకండి. మా ఇంట్లో ఇప్పటికీ శుక్రవారం పూట డబ్బు గడప దాటనివ్వరు. నవ్వుకున్నా సరే, ఈ వయసువారే మీ ముందు వరుసలో కూర్చునేది.

గేటు_దగ్గర రాశారు:

తంబురా_తీగ గారూ, విజయవాడలో మీ పాత కచేరీ గురించి జనం ఏం గుర్తుపెట్టుకున్నారు?

తంబురా_తీగ రాశారు:

రెండేళ్ల కిందట కచేరీ మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. మైకులు లేకుండా ఇరవై నిమిషాలు వాయించాము. వెనుక వరుసలవారు ముందుకు వచ్చి వేదిక అంచున కింద కూర్చున్నారు. కీబోర్డు వాయించే మిత్రుడికి పని లేక తాళం వేశాడు.

గేటు_దగ్గర రాశారు:

మీ మెయిల్ అదే. పోస్టర్ తీసివేసి, ఇలా రాసి చూడండి.

సబ్జెక్ట్ లైన్: విజయవాడకు మళ్లీ వస్తున్నాము, ఈసారి మైకులతో

‘నమస్కారం. రెండేళ్ల కిందట మా విజయవాడ కచేరీలో కరెంటు పోయినప్పుడు లేచి వెళ్లిపోకుండా ముందుకు జరిగి కూర్చున్నవారిలో మీరూ ఉండవచ్చు. ఆ చీకటిలో వాయించిన వరసను ఆ తరువాత పాటగా పూర్తిచేశాము. కొత్త ఆల్బమ్‌లో అది మూడవ పాట. వచ్చే నెల రెండవ శనివారం సాయంత్రం ఆరు గంటలకు మీ ఊరిలోనే వాయిస్తున్నాము. టికెట్లు సోమవారం నుంచి అందరికీ, మీకు మాత్రం ఈ కోడ్‌తో ఇవాళ్టి నుంచే. ఆనాడు మీరు ఎక్కడ కూర్చున్నారో గుర్తుంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి, నేనే చదువుతాను.’

కింద మీ పేరు, ఒక్క లింకు, తప్పుకునే లింకు. మూడవ పాట నిజంగా ఆ వరసే కాకపోతే ఆ వాక్యం తీసివేయండి.

తంబురా_తీగ రాశారు:

మూడవది కాదు, అయిదవది. కానీ నిజంగా అదే వరస.

తంబురా_తీగ రాశారు (అయిదు వారాల తరువాత):

విజయవాడ కచేరీ నిన్న ముగిసింది, కాబట్టి లెక్క చెప్పడం నా బాధ్యత. సొంత డొమైన్ నుంచి, 520, 522 పిన్‌కోడ్‌ల వారికి మాత్రమే, 214 మందికి మెయిల్ పంపాము. పిన్‌కోడ్ లేని పాతవారికి ముందుగా ఒక వాక్యం రాసి అడిగాము. మూడో వంతు మంది ఇచ్చారు. ఆ కోడ్‌తో 61 టికెట్లు అమ్ముడయ్యాయి. హాలు నిండలేదు, నాలుగు వరుసలు ఖాళీగా ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి కొన్నవారు కూడా ఉన్నారు గానీ, మేము పెట్టిన డబ్బుతో పోలిస్తే వారి సంఖ్య చాలా తక్కువ.

జవాబులు 23 వచ్చాయి. ఒకరు ఆనాడు తన ఫోను వెలుతురు మృదంగం మీదకు పట్టింది తానేనని రాశారు. ఇంకొకరు, తల్లిగారు చక్రాల కుర్చీలో వస్తారనీ, హాలులోకి మెట్లు ఎక్కనవసరం లేని దారి ఉందా అనీ అడిగారు. నాకు తెలియదు. హాలువారికి ఫోను చేస్తే పక్క గేటు దగ్గర వాలుదారి ఉందనీ, కానీ ఆ గేటుకు తాళం వేసి ఉంటుందనీ చెప్పారు. ముందుగా తాళం తీయించి, ముందురోజు మెయిల్‌లో ఆ సంగతి ఒక వాక్యంగా చేర్చాము. నిన్న ఆ గేటు నుంచి వచ్చినవారు నలుగురు.

గేటు_దగ్గర రాశారు:

విశాఖ హాలుకు ఆ ఫోను ఇప్పుడే చేసి పెట్టుకోండి. అక్కడి మెయిల్ ఎప్పుడు?

తంబురా_తీగ రాశారు:

గురువారం ఉదయం. ఫోను చేశాను, అక్కడ లిఫ్టు ఉందట, కానీ ఆదివారాలు దానిని నడిపే మనిషి రాడట. మా కచేరీ ఆదివారమే. ఆ మనిషి నంబరు తీసుకున్నాను.